బొగ్గుబావిలో అగ్గి జాగ్రత్తలు: ట్రైనింగ్ నుంచి మొదటి సీలింగ్ దాకా నా అనుభవం

చాందా (చంద్రపూర్) జిల్లాలో బొగ్గుబావి ఉద్యోగం వచ్చిన మన తెలుగు పిల్లలు నన్ను ముందు జీతం సంగతి అడుగుతారు. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగేది, "అన్నా, లోపల అగ్గి పడితే ఎట్ల?" అని. ఇల్లు అంటుకుంటే వాకిట్లోకి ఉరుకుతాం. ఇంక్లైన్ (బావిలోకి వాలుగా దిగే దారి) దిగి గంటసేపు నడిచాక, నెత్తి మీద లైటు తప్ప వెలుగు లేని చోట ఎటు ఉరకాలి? నాకూ ఇదే భయం ఉండేది. అందుకే మెడికల్ నుంచి మొన్నటి ప్యానెల్ సీలింగ్ (బొగ్గు తీసేసిన భాగాన్ని గోడ కట్టి మూయడం) దాకా ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను. ఏ బావి, ఏ ఏరియా అన్నది ఇక్కడ అనవసరం.

మాది బల్లార్షా. తాత మంచిర్యాల దగ్గరి ఊరి నుంచి బొగ్గు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. బాపుది కూడా అండర్‌గ్రౌండ్ పనే. 2022 నవంబరులో, సర్వీసులో ఉండగానే గుండెపోటుతో పోయారు. బొగ్గు కార్మికుల వేతన ఒప్పందంలో 9.3.0 క్లాజు కింద ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. 2023 జనవరిలో ఫైలు పెట్టాం. ఆర్డరు 2024 జూన్‌లో వచ్చింది. మధ్యలో దాదాపు నాలుగు నెలలు ఒక్క పేరు దగ్గరే ఆగింది. బాపు సర్వీసు రికార్డులో ఇంటిపేరు చివర ఉంది, నా పదో తరగతి మెమోలో ముందు ఉంది. అఫిడవిట్లు, నోటరీ, అమ్మ, అక్క ఇచ్చిన సమ్మతి పత్రాలు, జిరాక్సులు అన్నీ కలిపి రెండు వేల దాకా అయింది. మన ఇళ్లలో ఈ తేడా చాలామందికి ఉంటుంది. బాపు రిటైర్ కాకముందే సరిచేయించుకుంటే మంచిది.

జూలైలో మెడికల్. ఫారం-ఓ అంటారు. ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల పరీక్ష, చెవులు, కళ్లు, రంగులు గుర్తుపట్టడం. కంపెనీ ఆసుపత్రిలోనే కాబట్టి డబ్బు కట్టేది లేదు. గొట్టంలోకి ఊదే పరీక్ష మాత్రం నన్ను మూడుసార్లు చేయించారు. డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తుంది. "సిగరెట్ తాగేవాడివైతే ఇప్పుడే చెప్పు. కింద పొగ వస్తే నీ ఊపిరే నిన్ను బయటికి తేవాలి." నాకు ఆ అలవాటు లేదు. ఫలితం కోసం పది రోజులు ఆగాం. ఆ పది రోజులూ అమ్మకు నిద్ర లేదు. ఫిట్ అని వస్తుందో రాదో అని కొంత, ఫిట్ అని వస్తే నేనూ కిందికి దిగుతాను కదా అని కొంత.

ఆగస్టులో వీటీసీలో, అంటే కంపెనీ శిక్షణ కేంద్రంలో చేర్చారు. గని కార్మికుల శిక్షణకు 1966 నాటి రూల్స్ ఉన్నాయి, ఈ ట్రైనింగ్ పూర్తి కాకుండా ఎవరినీ పనిలోకి దించరు. దాదాపు నెల రోజులు. సగం క్లాసులో, సగం ప్రాక్టికల్. మాకు చెప్పింది రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న ఓవర్‌మన్ (లోపలి పనిని చూసుకునే సూపర్‌వైజర్). మాలో ఐదారుగురు తెలుగువాళ్లం, మిగిలినవాళ్లు మరాఠీ, హిందీ వాళ్లు. ఆయన మూడు భాషలూ కలిపి చెప్పేవారు. బాపును ఎరిగినవారే కాబట్టి నేను కాకా అనేవాణ్ని.

మొదటి రోజే బోర్డు మీద ఒక తేదీ రాశారు: 1994 జనవరి 25. పశ్చిమ బెంగాల్‌లోని న్యూ కెండా గనిలో ఆ రోజు అగ్గి పడి 55 మంది చనిపోయారు. "మంట తగిలి కాదు, బిడ్డా. కార్బన్ మోనాక్సైడ్ పీల్చి" అన్నారు కాకా. ఆ గాలికి వాసన లేదు, రంగు లేదు. ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా రక్తానికి పట్టుకుంటుంది. కాళ్లు బరువెక్కుతాయి, మత్తుగా ఉంటుంది, కూర్చోబుద్ధవుతుంది. కూర్చుంటే అంతే. నెల రోజుల క్లాసులో ఎన్నో రూల్స్ చెప్పారు గానీ, అవన్నీ నాకు ఆ రోజు నుంచి ఒక్కటిగానే అర్థమయ్యాయి. లోపల మనం కాపాడుకోవాల్సింది గాలిని. తలుపు, ఫ్యాను, గోడ, బెల్టు, బీడీ, అన్నింటి మీదా ఉన్న రూల్ ఆ గాలి కోసమే.

ఇప్పుడు నడిచేది కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ 2017. అంతకు ముందు 1957 నాటిది ఉండేది. నడుముకు కట్టుకునే సెల్ఫ్ రెస్క్యూయర్ (విషవాయువులో ఊపిరికి వాడే డబ్బా) విషయంలోనే బాపు రోజులకూ నా రోజులకూ తేడా కనిపించింది. బాపు కట్టుకున్న పాతది ఫిల్టర్ రకం. అది కార్బన్ మోనాక్సైడ్‌ను మాత్రమే ఆపుతుంది. గాలిలో ఆక్సిజనే తగ్గిపోతే దానితో లాభం లేదు. ఇప్పుడు ఇచ్చేది తనంతట తానే ఆక్సిజన్ తయారుచేసే డబ్బా. లోపల ఒక రసాయనం ఉంటుంది. మనం వదిలిన ఊపిరిలోని తేమ తగిలితే అది ఆక్సిజన్ ఇస్తుంది, మన బొగ్గుపులుసు వాయువును పట్టేసుకుంటుంది. బయటి గాలితో పని లేదు. బరువు రెండు కిలోలకు పైనే. మొదటి వారం నడుము ఎముక దగ్గర కమిలిపోయింది. బెల్టు కింద మందపాటి నూలు గుడ్డ మడిచి పెట్టుకోమని ఒక సీనియర్ అన్న చెప్పాక కొంచెం నయం.

దీని ప్రాక్టీసు గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎవరూ ముందుగా చెప్పలేదు. ట్రైనింగుకు వేరే డమ్మీ పీసు ఇస్తారు. క్లిప్పు లాగి మూత తీయాలి. రబ్బరు ముక్కను పళ్లకూ పెదవులకూ మధ్య పెట్టి కరిచి పట్టుకోవాలి. ముక్కుకు క్లిప్పు పెట్టాలి. కళ్లద్దాలు, తర్వాత మెడ పట్టీ. ముందు వెలుతురులో చేయించారు, ఆ తర్వాత లైట్లు ఆర్పి. ముక్కు క్లిప్పు గట్టిగా నొక్కుతుంది. నోరు మూయలేం కాబట్టి ఉమ్మి ఊరి గడ్డం మీదికి కారుతుంది. దవడలు లాగుతాయి. మాట్లాడలేం, సైగలే. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. అసలైనది వాడినప్పుడు లోపలికి వచ్చే గాలి వేడిగా, పొడిగా ఉంటుంది. గొంతు ఎండిపోతుంది. భయంలో ఉన్న మనిషి "ఇది పాడైంది, నాకు గాలి అందడం లేదు" అనుకుని నోట్లోంచి తీసేస్తాడు. తీసి ఒక్క మాట మాట్లాడబోయినా పీల్చేది విషమే. కాకా ఈ ఒక్క మాట మా చేత రోజూ చెప్పించేవారు: గాలి వేడిగా వస్తోందంటే డబ్బా పనిచేస్తోందని.

ఇంకొకటి. మాకు ఇచ్చినది ముప్పై నిమిషాల రకం. ఆ ముప్పై నిమిషాలు మామూలు నడకకు. ఉరికితే ఎక్కువ ఊపిరి కావాలి, డబ్బా తొందరగా అయిపోతుంది. పొగలో ఉరకకుండా నడవడం నేర్చుకోవాలంటే మనసుకు ఎంత కష్టమో ఆ షెడ్డులో తెలిసింది. పొడుగాటి రేకుల షెడ్డులో పొగ నింపి, నేల మీద పట్టాలు వేసి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి పెట్టుకుని నడవమన్నారు. నా ముందు యవత్మాల్ నుంచి వచ్చిన అబ్బాయి ఉన్నాడు. సగం దూరంలో అతని భుజం వణకడం నా అరచేతికి తెలిసింది. నాదీ వణికిందేమో, వెనకవాడికే తెలియాలి. బూటు అంచుతో పట్టాను తడుముకుంటూ వెళ్లాం. లోపల కూడా అంతే, పొగలో కళ్లు పనిచేయవు. టబ్బుల (బొగ్గు బండ్ల) పట్టా గానీ, గోడ వెంట పోయే కేబులు గానీ, నీళ్ల పైపు గానీ దారి చూపాలి. బయటికి వచ్చాక ఆ అబ్బాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇద్దరం కలిసి టీ తాగాం. ఇప్పటికీ ఒకే షిఫ్టు.

మంట ఆర్పే డబ్బా కూడా మా చేత వాడించారు. ట్రేలో నూనె అంటించి పౌడరు కొట్టమన్నారు. గాలి మన వీపు వైపు నుంచి ఉండాలి, మంట అడుగున కొట్టాలి. అర నిమిషం కూడా కాకుండానే డబ్బా ఖాళీ. అందరం ఆశ్చర్యపోయాం. కరెంటు సామాను మీద నీళ్లు, సోడా యాసిడ్ రకం వాడకూడదని, అక్కడ పెట్టే డబ్బాలే వేరని చూపించారు.

సెప్టెంబరులో, పోలా పండుగ అయిన వారం, మొదటిసారి దిగాను. ఫస్టు షిఫ్టు. లాంప్ రూములో టోకెన్ ఇస్తే నా నంబరు లైటు, నా నంబరు రెస్క్యూయర్ ఇచ్చారు. సీలు చూసుకుని సంతకం పెట్టాలి. మొబైల్ లాకరులో పెట్టేయాలి. ఇంక్లైన్ మూతి దగ్గర అమ్మవారి చిన్న గుడి ఉంది. కర్పూరం, అగరుబత్తి అన్నీ అక్కడి వరకే. ఆ తర్వాత తనిఖీ. జేబులు, టిఫిన్ డబ్బా, తలపాగా, సాక్సులు. అగ్గిపెట్టె, లైటరు, బీడీ ఏది దొరికినా కథ కోర్టు దాకా పోతుంది. నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, మమ్మల్ని తడిమే మనిషిని ముందు మాలో ఒకరి చేత తడిమించారు. అధికారి దిగినా అదే తనిఖీ. బట్టల సంగతి కూడా ముందే చెప్పారు, నైలాన్, పాలిస్టర్ వద్దు, నూలు బట్టలే. చంద్రపూర్ గోల్ బజారులో రెండు జతలు కొన్నాను, పన్నెండు వందలు. బూట్లు, టోపీ కంపెనీవే. బూటు ఒక సైజు పెద్దది ఇచ్చారు, మార్చడానికి మూడు వారాలు పట్టింది. పెద్ద బూటుతో ఇంక్లైన్ దిగితే కాలి వేళ్లన్నీ కమిలిపోతాయి, తీసుకునేటప్పుడే సాక్సులతో తొడిగి చూడండి.

దిగుతుంటే ముందు అర్థమయ్యేది గాలి. ఒక దారిలో చల్లటి గాలి మనతోపాటే లోపలికి పోతుంది, అది ఇంటేక్. పని జరిగిన చోట తిరిగి వేడెక్కి, బొగ్గు వాసనతో వెనక్కి పోయేది రిటర్న్. ఆ దారిలో ముఖానికి చెమట, జిగురు. మొదటి వారమంతా సర్దార్ (మా పనినీ భద్రతనూ చూసే మనిషి) మామ నన్ను ఎక్కడ నిలబెట్టినా ఒకటే అడిగారు: "గాలి ఎటు నుంచి వస్తాంది?" నేను చెప్పేదాకా పని చెప్పేవారు కాదు. ఇంటేక్‌లో అగ్గి పడితే పొగంతా నేరుగా మనుషుల మీదికే వస్తుంది, అందుకే ఆ దారిలో కాలే సామాను ఉంచకూడదు. నూనె, గ్రీజు, గుడ్డ పీలికలు మూత ఉన్న ఇనుప పెట్టెల్లోనే. దిమ్మెలు కోసిన చెక్క ముక్కలు లోపల వదలకూడదు, టబ్బులో వేసి పైకి పంపాలి. నేను కొత్త మజ్దూర్‌ను కాబట్టి ఆ చెక్క ముక్కలు ఏరే పని నాదే. కన్వేయరు బెల్టు కూడా మంట పట్టని రకం. అయినా దాని కింద రాలిన బొగ్గు పొడి రోలరుకు రాసుకుంటే వేడెక్కుతుంది కాబట్టి షిఫ్టు షిఫ్టుకూ గీకి తీయాలి.

గోడలకు తెల్లటి పొడి చల్లి ఉంటుంది. సున్నం అనుకున్నాను. అది రాతిపొడి. బొగ్గు ధూళి గాలిలోకి లేచి అంటుకోకుండా దానిలో కలుపుతారు. కాలని పదార్థం కనీసం 75 శాతం ఉండాలి, బొగ్గులో ఆవిరయ్యే గుణం ఎక్కువైతే 85 శాతం. మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు ఆపేయాలి. బయటికి దారులు కనీసం రెండు ఉండాలి, ఆ రెండింటి మధ్య 13.5 మీటర్లకు తగ్గకూడదు. కాకా మమ్మల్ని ఈ అంకెలు బట్టీ పట్టించారు. చోటు చూశాక అవి వాటంతటవే గుర్తుండిపోయాయి. రెండో దారి మా జిల్లాలో (బావి లోపల మేం పనిచేసే భాగాన్ని అట్లా అంటాం) చాలా నిటారుగా ఉంటుంది, వంగి నడవాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. సర్దార్ మామను బతిమాలి ఒక రోజు షిఫ్టు అయ్యాక ఆ దారినే పైకి వచ్చాను. కాళ్లు పట్టేశాయి గానీ, ఆ రాత్రి మాత్రం హాయిగా నిద్రపట్టింది.

2025 జనవరిలో మాక్ రిహార్సల్ పెట్టారు. ఫలానా చోట బెల్టు అంటుకుంది అనుకోండి అని ఫోన్ వచ్చింది. అందరం డమ్మీ పెట్టుకుని, గోడ మీద గీసిన బాణాల వెంట స్వచ్ఛమైన గాలి ఉన్న చోటికి చేరాలి. జంట తలుపుల దగ్గర తొందరలో ఎవరో ముందుది మూయకుండా రెండోది తెరవబోయారు. వెనక నుంచి కేక. ఆ రెండూ ఒకేసారి తెరిస్తే లోపలి మనుషులకు గాలి అందదు, అడ్డదారిలో పోతుంది. అది సాధన కాబట్టి కేకతో పోయింది. పైకి వచ్చాక లెక్కపెట్టారు, లాంప్ రూము లెక్క, మనుషుల లెక్క సరిపోయేదాకా ఎవరినీ కదలనివ్వలేదు.

అసలు పరీక్ష మార్చి చివర్లో వచ్చింది. మా జిల్లా పక్కన ఒక పాత ప్యానెల్ ఉంది, పైకప్పును మోసే బొగ్గు పిల్లర్లు కూడా తీసేసి గోడలు కట్టి మూసింది. బొగ్గు గాలికి తనంతట తానే వేడెక్కుతుంది, గడ్డివాములో పచ్చిగడ్డి వేడెక్కినట్టు. ఎక్కువ సీముల్లో (బొగ్గు పొరల్లో) ఆరు నెలల నుంచి ఏడాది లోపల ఈ వేడి మొదలవుతుందని చెప్తారు. అందుకే ఆ గడువు లోపలే బొగ్గు తీసేసి మూసేయాలి. మూసిన గోడలను కనీసం వారానికి ఒకసారి చూడాలి. ఆ రోజు పైన అకాల వర్షం, ఉరుములు. మాకు లోపల తెలియదు. బయట వాయుపీడనం తగ్గితే మూసిన చోటి గాలి పగుళ్లలోంచి ఇవతలికి వస్తుంది. సర్దార్ మామ చేతిలోని డిటెక్టరు గోడ దగ్గర కూతపెట్టింది. కార్బన్ మోనాక్సైడ్ 60 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 60 వంతులు) దాటింది. పరిమితి 50.

ఆయన అరవలేదు. "డబ్బాల మీద చెయ్యి పెట్టుకుని నడవండి" అన్నారు, అంతే. కరెంటు ఆపారు. ఇంటేక్ వైపు టెలిఫోన్ ఉన్న చోటికి వచ్చాం. నా గుండె చప్పుడు నాకే వినిపించింది. రెస్క్యూయర్ తెరవాల్సిన అవసరం రాలేదు, అక్కడ గాలి శుభ్రంగా ఉంది. గంటలోపు మమ్మల్ని పైకి పంపేశారు. తర్వాత రెస్క్యూ ట్రైనింగ్ ఉన్నవాళ్లు దిగి గోడ చూశారు. పైకప్పు ఒత్తిడికి మూల దగ్గర ప్లాస్టరు వెంట్రుకంత పగిలింది. మా కొత్తవాళ్లం ఇసుక బస్తాలు, సిమెంటు మంచిగాలి వైపు దాకా మోశాం. గోడకు ముందు ఇంకో వరుస కట్టి, పక్కలు తవ్వి గట్టిగా ప్లాస్టరు చేశారు. గోడలోంచి వచ్చే చిన్న పైపు నుంచి ప్రతి షిఫ్టూ గాలి శాంపిలు తీశారు. దాదాపు వారం మా జిల్లాలో బొగ్గు పని లేదు. ఆ వారం ఇంట్లో అమ్మకు ఏమీ చెప్పలేదు. కానీ కాలనీలో మాట ఆగదు, మహాకాళి జాతరకు వచ్చిన అత్తమ్మ ద్వారా తెలిసింది. అమ్మ తిట్టలేదు. బాపు ఉన్నప్పుడు కూడా ఇట్లాంటివి అయ్యేవా అని అడిగింది. అయ్యేవని, అప్పట్లో డిటెక్టరు బదులు పంజరంలో చిన్న పిట్టలను తీసుకుపోయేవారని కాకా చెప్పిన మాట చెప్పాను.

ఏప్రిల్ రెండో వారంలో పని మళ్లీ మొదలైంది. ఆ గోడ దగ్గర ఇప్పుడు బోర్డు ఉంది: తేదీ, రీడింగు, చూసినవాళ్ల సంతకం. వెళ్తూ అందరం చదువుతాం.

కొత్తగా చేరేవాళ్లు వీటీసీలో డమ్మీ రెస్క్యూయర్‌ను ఒక్కసారి పెట్టుకుని వదిలేయకండి. మా బ్యాచులో అడిగినవాళ్లకు సాయంత్రం క్లాసు అయ్యాక మళ్లీ ఇచ్చారు. అడగనివాళ్లకు ఒక్కసారే దక్కింది. చీకట్లో, చేతికి గ్లౌజు ఉండగా, వంగి కూర్చుని, ఇలా మూడు రకాలుగానూ పెట్టి చూడండి. దిగిన మొదటి వారంలోనే రెండో దారి చూపించమని మీ సర్దార్‌ను అడగండి. డిప్లొమా లేకపోయినా గ్యాస్ టెస్టింగ్ పరీక్ష రాయొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. దానికి ఎంత సర్వీసు కావాలో, ఏ కాగితాలు కావాలో మీ బావి ట్రైనింగ్ ఆఫీసరు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. నేనూ దానికే చదువుతున్నాను, పుస్తకం హిందీలో ఉంది, సాయంత్రాలు కాకా ఇంటికి వెళ్లి తెలుగులో చెప్పించుకుంటున్నాను.